రాత రోమనుది, లెక్క గులకరాళ్లది

బడిలో రోమన్ అంకెల పాఠం ఏడు అక్షరాలతో మొదలై నాలుగు సూత్రాలతో ముగుస్తుంది. ఐ అంటే 1, వి అంటే 5, ఎక్స్ అంటే 10, ఎల్ అంటే 50, సి అంటే 100, డి అంటే 500, ఎం అంటే 1000. ఏ గుర్తునూ వరసగా మూడుసార్లకు మించి రాయకూడదు. పెద్ద గుర్తుకు కుడిపక్కన చిన్నది ఉంటే కలపాలి, ఎడమపక్కన ఉంటే తీసేయాలి. వి, ఎల్, డి గుర్తులను ఒకే సంఖ్యలో రెండుసార్లు వాడకూడదు. వీటి వెనకే ఒక తీర్పు కూడా వస్తుంది: ఈ అంకెలకు స్థాన విలువ లేదు, సున్నా లేదు, వీటితో కూడికలూ గుణకారాలూ చేయడం మహా కష్టం, అందుకే భారతీయ అంకెలు రాగానే ఇవి మూలపడ్డాయి అని. ఆ తీర్పు విన్న పిల్లలకు ఒక సందేహం రావాలి. వేల మైళ్ల రోడ్లు వేసి, కొండల నుంచి నగరాలకు నీళ్లు పారించి, లక్షల మంది సైనికులకు జీతాలు పంచి, ప్రాంతాలవారీగా పన్నులు వసూలు చేసిన రాజ్యం లెక్కలే చేయలేని అంకెలతో ఎలా నడిచింది? ఆ ప్రశ్నకు సాక్ష్యాలు చెప్పే జవాబు ఒకటే. రోమన్ అంకెలు పుట్టింది చేసిన లెక్కను రాసిపెట్టడానికి. లెక్క జరిగింది వేరే చోట, వేరే సాధనంతో. ఆ సాధనాన్ని పక్కన పెట్టి అంకెలను మాత్రమే నేర్పితే మనం సగం వ్యవస్థను చూపించి, రెండో సగం లేదని తప్పుపడుతున్నట్టు అవుతుంది.

ముందుగా ఆ సూత్రాల సంగతి చూద్దాం. పిల్లలు తప్పు రాస్తే మార్కులు పోయే ఈ నియమాలను రోమన్లే ఖచ్చితంగా పాటించలేదు. రోములోని కొలోసియం ద్వారాలపై చెక్కిన అంకెలు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 44వ ద్వారం మీద 40కి ఎక్స్, ఎల్ అని తీసివేత పద్ధతిలో చెక్కి, దాని పక్కనే 4కి నాలుగు ఐలు వరసగా చెక్కారు. ఒకే సంఖ్యలో రెండు పద్ధతులు కలిసిపోయాయి. జర్మనీలోని బాన్ మ్యూజియంలో మార్కస్ కేలియస్ అనే సైనికాధికారి స్మారక శిల ఉంది. క్రీ.శ. 9లో టూటోబర్గ్ అడవి ప్రాంతంలో రోమన్ సైన్యాన్ని జర్మానిక్ తెగలు తుడిచిపెట్టిన యుద్ధంలో అతను చనిపోయాడు. అతని దళం 18వది. నేటి సూత్రం ప్రకారం ఎక్స్, వి, ఐ, ఐ, ఐ అని ఉండాలి. శిల మీద ఎక్స్, ఐ, ఐ, ఎక్స్ అని, అంటే 20కి రెండు తక్కువ అన్నట్టుగా ఉంది. అదే శిల మీద అతని వయసు యాభై మూడున్నర అని చెక్కారు; ఆ అరకు ఎస్ అనే గుర్తు వాడారు. నేటి పాఠంలో ఆ గుర్తు ఊసే ఉండదు. గడియారాల ముఖం మీద 4ను నాలుగు ఐలుగా రాసే అలవాటు ఈ రోజుకీ పోలేదు. ఈ స్వేచ్ఛను శిల్పుల అజాగ్రత్త అనుకోవడానికి లేదు. రాసినది చదివేవారికి అర్థమైతే పని తీరినట్టే. ఆ గుర్తులను వరసల్లో పేర్చి కూడికలు చేయాల్సి వచ్చి ఉంటే ఇంత వెసులుబాటు చెల్లేది కాదు. ఏదో ఒక రూపం ఎప్పుడో స్థిరపడి ఉండేది.

మరి లెక్క ఎక్కడ జరిగింది? పలక మీద గీతలు గీసి వాటి మధ్య గులకరాళ్లు పేర్చి, జరిపి, తీసి లెక్క చేసేవారు. జేబులో పట్టే కంచు పలకలు కూడా ఉండేవి. అలాంటివి రోములోనూ పారిస్‌లోనూ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో నిలువు గాళ్లు ఉంటాయి. ఒక గాడి ఒకట్లది, దాని ఎడమది పదులది, ఆ తర్వాతిది వందలది, ఇలా పది లక్షల దాకా. ప్రతి గాడిలో కింద నాలుగు గుండ్లు, పైన ఒకటి. కింది గుండు ఒకటికి లెక్క, పైది అయిదుకు. కుడి చివర పన్నెండో వంతులకూ అంతకన్నా చిన్న భాగాలకూ వేరే గాళ్లు. ఈ అమరికను చూస్తే రోమన్ అంకెలు ఎందుకు ఒకటి, అయిదు, పది, యాభై, వంద అనే మెట్లలో ఉన్నాయో వెంటనే తెలుస్తుంది. పలక మీద గుండ్లు ఎలా నిలిచాయో అంకెలు అలాగే చదివి చెబుతాయి. 27కి 38 కలపాలంటే రెండింటి గుర్తులనూ ఒక్కచోటికి చేర్చితే అయిదు ఎక్స్‌లు, రెండు విలు, అయిదు ఐలు వస్తాయి. అయిదు ఐలు ఒక వి, పాత రెండు విలు ఒక ఎక్స్, పాత అయిదు ఎక్స్‌లు ఒక ఎల్. మొత్తం ఎల్, ఎక్స్, వి, అంటే 65. ఇందులో ఏడూ ఎనిమిదీ పదిహేను అని కంఠతా పట్టి ఉండాల్సిన అవసరం రాలేదు. చిల్లరను నోట్లుగా మార్చుకోవడం తెలిసినవారికి ఈ కూడిక వచ్చినట్టే.

రాయడమూ లెక్కించడమూ రెండు వేర్వేరు విద్యలని రోమన్ సమాజానికి స్పష్టంగా తెలుసు. క్రీ.శ. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి ధరలకూ కూలీలకూ గరిష్ఠ హద్దులు విధిస్తూ ఒక శాసనం జారీ చేశాడు. అందులో పిల్లలకు చదవడం, రాయడం నేర్పే పంతులుకు ఒక్కో పిల్లవాడికి నెలకు 50 డెనారీలు, లెక్కలు నేర్పే పంతులుకు 75 డెనారీలు అని ఉంది. అంకెలు రాయడమే లెక్కల విద్య అయి ఉంటే అక్షరాలు నేర్పే పంతులుతోనే సరిపోయేది. వేరే గురువు, ఎక్కువ జీతం ఉన్నాయంటే చేతివేళ్లతో, పలకతో, భిన్నాలతో చేసే పని ప్రత్యేక నైపుణ్యంగా గుర్తింపు పొందిందన్నమాట. అంతకు మూడు వందల ఏళ్ల ముందే రోమన్ కవి హొరేస్ తన ‘ఆర్స్ పొయెటికా’లో, పన్నెండు భాగాల ‘ఆస్’ అనే నాణేన్ని ముక్కలు చేసే లెక్కలతోనే రోమన్ పిల్లల చదువు గడిచిపోతోందని, ఆ తుప్పు పట్టిన మనసుల్లో కవిత్వం ఎలా పుడుతుందని వాపోయాడు. కవి ఫిర్యాదు మనకు ఇక్కడ సాక్ష్యం: రోమన్ బడిలో లెక్కలకు కొరత లేదు.

సామ్రాజ్యం పోయాక కూడా రోమన్ రాత, పలక లెక్క అనే ఈ జంట విడిపోలేదు. ఇంగ్లండులో బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 725లో కాలగణన మీద రాసిన గ్రంథాన్ని వేళ్ల మీద వేల దాకా సంఖ్యలు పట్టే పద్ధతితో మొదలుపెట్టాడు. పన్నెండో శతాబ్దపు ఇంగ్లండు ఖజానాలో గళ్ల గుడ్డ పరిచిన పెద్ద బల్ల ఉండేది. ఒక్కో నిలువు వరస పెన్నీలకు, షిల్లింగులకు, పౌండ్లకు, ఇరవైల పౌండ్లకు, వందలకు, వేలకు. జిల్లా అధికారి కట్టాల్సిన సొమ్మును ఒక వరసలో బిళ్లలతో పేర్చేవారు, కట్టినదాన్ని దాని కింద పేర్చేవారు. తేడా అందరి కళ్ల ముందే తేలేది. రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర రాసిన ‘ఖజానా సంభాషణ’ ఈ పద్ధతిని వివరంగా వర్ణించింది. తేలిన మొత్తం మాత్రం తోలు చుట్టల మీద రోమన్ అంకెల్లో ఎక్కేది. చదువురాని అధికారి కూడా బల్ల వైపు చూసి తన బాకీ ఎంతో గ్రహించగలిగేవాడు. లెక్క బల్ల మీద, రికార్డు తోలు మీద. ఈ పని విభజన వందల ఏళ్లు నిలవడానికి కారణం మూర్ఖత్వం కాదు, సౌలభ్యం.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. స్థాన విలువ, సున్నా లేనిదే గణితం ముందుకు సాగదు కదా, వాటిని కనిపెట్టిన మన పూర్వుల గొప్పదనాన్ని ఈ వాదన తగ్గించడం లేదా? తగ్గించదు, ఆ గొప్పదనం సరిగ్గా ఎక్కడుందో చూపిస్తుంది. పలక మీద స్థాన విలువ రోమన్లకూ ఉంది. వందల గాడిలో గుండు వందకు లెక్క, ఒకట్ల గాడిలో అదే గుండు ఒకటికి. ఖాళీ గాడి ఉండనే ఉంది. లేనిదల్లా ఆ ఖాళీని రాతలో చూపించే గుర్తు. మన దేశంలోనూ రాత మొదట అలా లేదు. శాతవాహనుల కాలపు నానేఘాట్ శాసనంలో యజ్ఞాలకు దక్షిణగా ఇచ్చిన ఆవులూ కార్షాపణ నాణేలూ లెక్కపెట్టి రాశారు. అందులో పదులకూ వందలకూ వేలకూ విడివిడి గుర్తులున్నాయి, స్థాన విలువ లేదు. దానాలను నమోదు చేయడానికి అవి చాలాయి, రోమన్లకు తమవి చాలినట్టే. తర్వాతి శతాబ్దాల్లో భారతీయ గణకులు స్థాన విలువను రాతలోకి తెచ్చారు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను ఒక సంఖ్యగా తీసుకుని కూడిక, తీసివేత, గుణకారాల నియమాలు చెప్పాడు. గ్వాలియర్‌లో 876 నాటి శాసనం మీద 270 అనే సంఖ్య చివర చిన్న వృత్తంలా సున్నా కనిపిస్తుంది. దాంతో రాతా లెక్కా ఒకటయ్యాయి. రాసిన అంకెలే జరుగుతాయి, మారుతాయి, ఫలితాన్నిస్తాయి. ఇది రోమన్లు తెలివితక్కువవారు కాబట్టి దొరికిన విజయం కాదు. రెండు పనులను ఒకే చోటికి తేవచ్చని ఊహించిన కొత్త ఆలోచన అది. పోటీదారును చిన్నబుచ్చకుండానే దాని విలువ నిలబడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పాత జంట అంత బాగా పనిచేస్తే యూరప్ చివరికి దాన్ని ఎందుకు వదిలేసింది? నిజానికి వదలడానికి ఎంతకాలం పట్టిందన్నదే గమనించాల్సిన విషయం. స్పెయిన్‌లో 976 నాటి ఒక లాటిన్ రాతప్రతిలో భారతీయ అంకెలు తొమ్మిదీ కనిపిస్తాయి. అల్జీరియా తీరంలోని బుగియాలో తండ్రి దగ్గర ఉంటూ ఈ విద్య నేర్చుకున్న పీసా లియోనార్డో, అంటే ఫిబొనాచీ, 1202లో ఆ అంకెలను వివరిస్తూ ‘లీబర్ అబాచీ’ అనే పుస్తకం రాశాడు. అయినా 1299లో ఫ్లారెన్సు నగరంలోని డబ్బు మార్పిడి వర్తకుల సంఘం తమ సభ్యులు పద్దు పుస్తకాల్లో కొత్త అంకెలు వాడకూడదని నిషేధించింది. దీన్ని గుడ్డి ఛాందసం అని కొట్టిపారేస్తారు. కానీ సున్నాను 6గానో 9గానో దిద్దడం, చివర ఇంకో అంకె చేర్చి సొమ్మును పది రెట్లు చేయడం ఎంత సులువో ఆలోచించండి. ఆ భయం ఇప్పటికీ మనకుంది. అందుకే బ్యాంకు చెక్కు మీద అంకెల్లో రాసిన సొమ్మును అక్షరాల్లోనూ రాస్తున్నాం. 1522లో జర్మన్ లెక్కల పంతులు ఆడం రీస్ ప్రచురించిన ప్రసిద్ధ పుస్తకం గీతల మీద బిళ్లలతోనూ కలంతోనూ, రెండు పద్ధతుల్లోనూ లెక్కలు నేర్పింది. 1543 నాటి రాబర్ట్ రికార్డ్ ఇంగ్లీషు పుస్తకమూ అంతే. ఒక పద్ధతి పనికిరానిదైతే కొత్తది వచ్చిన మూడు శతాబ్దాల తర్వాత కూడా పాఠ్యపుస్తకంలో చోటు దక్కదు.

మొగ్గు మారడానికి కారణాలు అంకెల బయట ఉన్నాయి. మొదటిది కాగితం. భారతీయ పద్ధతిని అరబ్బు దేశాల్లో మొదట దుమ్ము చల్లిన పలక మీద, చెరుపుతూ రాస్తూ చేసేవారు. పదో శతాబ్దంలో డమాస్కస్ గణకుడు అల్-ఉక్లిదిసీ దాన్ని సిరా, కాగితాలకు అనువుగా మార్చాడు. పదమూడో శతాబ్దం నుంచి ఇటలీలో కాగితం తయారీ పెరిగింది. తోలు మీద చిత్తు లెక్కలు చేయడం ఎవరికీ తాహతు కాదు, కాగితం మీద చేయవచ్చు. రెండోది బడి. కలంతో లెక్క చేయాలంటే ఎక్కాలు నోటికి రావాలి. ఫిబొనాచీ తన పుస్తకం మొదట్లోనే వాటిని కంఠస్థం చేయమన్నాడు. మన వీధి బడుల్లో పిల్లలు ఎక్కాలు వల్లించిందీ ఈ అవసరం వల్లే. అంత శిక్షణకు ఏళ్లు కావాలి, బడులు కావాలి, డబ్బిచ్చే వర్తకులు కావాలి. పద్నాలుగో శతాబ్దపు ఫ్లారెన్సులో వెయ్యి మందికి పైగా పిల్లలు ఆరు లెక్కల బడుల్లో చదివేవారని చరిత్రకారుడు జొవాన్నీ విల్లానీ రాశాడు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, లెక్క జాడ. బల్ల మీది బిళ్లలు ఊడ్చేస్తే దారి మొత్తం పోయి జవాబు మాత్రమే మిగులుతుంది. కాగితం మీద ప్రతి మెట్టూ ఉంటుంది. ఎక్కడ తప్పు జరిగిందో వేరే ఊళ్లో ఉన్న భాగస్వామి కూడా పట్టుకోగలడు. ఖగోళ గణనలకూ, వడ్డీ లెక్కలకూ, తర్వాత బీజగణితానికీ ఇది ప్రాణం. రోమన్ జంట ఓడింది ఇక్కడే, ఈ ఓటమి నిజమైనది. దాన్ని దాచనక్కర్లేదు, ఓడిన చోటు సరిగ్గా చెబితే చాలు.

లెక్కల పని పోయినా రోమన్ అంకెలకు తమ అసలు పని మిగిలింది. రాజుల పేర్లకు, పుస్తకాల సంపుటాలకు, గడియారాలకు అవి ఇంకా గుర్తింపు ఇస్తూనే ఉన్నాయి. భారత రాజ్యాంగం ఇందుకు మంచి ఉదాహరణ. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల్లో భారతీయ అంకెల అంతర్జాతీయ రూపాన్నే వాడాలని 343వ అధికరణం చెబుతుంది. ఆ అధికరణం ఉన్నది 17వ భాగంలో. ఇంగ్లీషు ప్రతిలో ఆ భాగం సంఖ్య రోమన్ అంకెల్లో ఉంటుంది. అధికరణాల వరస సంఖ్యలు భారతీయ అంకెల్లో, భాగాల సంఖ్యలు రోమన్ అంకెల్లో ఉండటం వల్ల ఒకదానితో మరొకటి కలిసిపోదు. నమోదుకు, వేరుపరచడానికి పుట్టిన గుర్తులు అదే పని చేస్తున్నాయి.

కాబట్టి బడిలో ఈ పాఠం నేర్పే తీరు మారాలి. నియమాలు చెప్పి, 1999ని ఎలా రాయాలో అడిగి, ఇది ఎంత తికమకో చూశారా అని ముగించడం వల్ల పిల్లలకు చరిత్రా రాదు, గణితమూ రాదు. నేల మీద నాలుగు గీతలు గీసి, గుప్పెడు చింతపిక్కలిచ్చి, ముందు వాటితో కూడిక చేయించాలి. తేలినదాన్ని రోమన్ గుర్తుల్లో రాయించాలి. అప్పుడు అయిదుకో గుర్తు, పదికో గుర్తు ఎందుకున్నాయో చెప్పకుండానే తెలుస్తుంది. ఆ తర్వాత ఖాళీగా ఉన్న వరసను కాగితం మీద ఎలా చూపిస్తారని అడిగితే, సున్నా ఎందుకు పుట్టిందో వాళ్లే కనుక్కుంటారు. ఒక కాలపు మనుషులు వాడిన గుర్తులను వాళ్ల చేతిలోని సాధనంతో కలిపి చూడటం చరిత్ర చదివేవారి బాధ్యత. ఆ బాధ్యత నెరవేర్చితే రోమన్లకు న్యాయం జరుగుతుంది. సున్నాను రాతలోకి తెచ్చిన మన గణకులు సాధించినదేమిటో కూడా పిల్లలకు నినాదంగా కాక, తమ చేతులతో చేసి చూసిన నిజంగా అందుతుంది.