హితవును స్వీకరించే హృదయం

1641లో కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో కట్టించిన జామియా మస్జిద్‌లోనైనా, మన పల్లెలోని చిన్న మస్జిద్‌లోనైనా నియమం ఒక్కటే. నమాజులో ఇమామ్ పొరబడితే వెనుక నిలిచిన సామాన్యుడు సైతం ‘సుబ్‌హానల్లాహ్’ అని హెచ్చరిస్తాడు, ఇమామ్ దిద్దుకుంటాడు.

ఈ వినయానికి ఆదర్శం దైవప్రవక్త (స) జీవితమే. హిజ్రీ 6 (క్రీ.శ. 628)లో హుదైబియా ఒప్పందం కుదిరాక, ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోవాలని ఆయన మూడుమార్లు ఆదేశించినా, దుఃఖభారంతో ఉన్న సహచరులు కదలలేదు. ముందుగా తామే ఆ పని చేయవలసిందని ఆయన సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు, అందరూ అనుసరించారు.

దైవవాణిని అందుకునే ప్రవక్తే భార్య హితవును ఆలకించగా, తప్పు చూపినవారిపై మనమెందుకు మండిపడాలి? నమాజులోని ఆ వినయం మస్జిద్ గుమ్మం దాటి మన ఇళ్ళకూ చేరాలి. అల్లాహ్ మనకా భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.