చిత్ర గుండె కవాటము: మూడు వైఫల్యాల పిదప దక్కిన విజయము

గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు ఉంటాయని మనమందరము బడిలో చదువుకున్నదే. కవాటమనగా ఒకవైపునకే తెరుచుకొనే తలుపు. అది చెడితే రక్తము వెనుకకు మళ్ళుతుంది, లేదా ముందుకు సాగక నిలుస్తుంది. రోగికి నాలుగడుగులు వేసినా ఆయాసమే.

మన దేశంలో కవాటాలు చెడడానికి ఒక ముఖ్య కారణము రుమాటిక్ జ్వరము. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. దానికి తగిన చికిత్స జరగనప్పుడు కొందరిలో ఈ జ్వరము పుడుతుంది. కీళ్ళ నొప్పులు తగ్గిపోయినా గుండెకు తగిలిన దెబ్బ మిగిలిపోవచ్చు.

బాగుచేయలేనంతగా చెడిన కవాటము స్థానంలో కృత్రిమ కవాటము అమర్చాలి. ఒకప్పుడు అవి విదేశాల నుండి రావలసిందే. వాటి ధర పేదలకు అందనిది. ఈ కొరత తీర్చుటకు తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్యశాస్త్ర సాంకేతిక సంస్థ పూనుకొన్నది. 1980లో పార్లమెంటు చట్టము ద్వారా జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తింపు పొందిన ఈ సంస్థకు విశ్వవిద్యాలయము వలె పట్టాలిచ్చే అధికారము కూడా ఉన్నది.

శస్త్రవైద్యులు డాక్టర్ ఎం.ఎస్. వలియతాన్ నాయకత్వంలో మూడు రంగాల వారు కలిసి పనిచేశారు. ఇంజనీర్లు ఆకృతిని, లోహాన్ని నిర్ణయించారు. జీవశాస్త్రజ్ఞులు ఆ పదార్థము రక్తాన్ని గడ్డకట్టించునా, కణాలకు హాని చేయునా అని పరీక్షించారు. వైద్యులు శస్త్రచికిత్స భారము వహించారు. మొదటి మూడు నమూనాలు విఫలమైనవి. కృత్రిమ నీలమణితో చేసిన బిళ్ళ సైతము పరీక్షలో నిలువలేదు.

నాలుగవ నమూనాలో కోబాల్టు మిశ్రలోహపు చట్రము, గట్టి పాలిఇథిలీన్ బిళ్ళ, కుట్టు వేయుటకు పాలిస్టర్ వస్త్రపు వలయము ఉన్నవి. గుండె ఏడాదికి దాదాపు 4 కోట్ల సార్లు కొట్టుకుంటుంది గనుక, బిళ్ళ అరుగుదలను యంత్రాలపై కోట్ల సార్లు పరీక్షించారు. అటుపై గొర్రెలకు అమర్చి చూశారు. 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. నేటికి లక్షకు పైగా రోగులకు ఈ కవాటము అమర్చబడినది. వలియతాన్ 2024లో కన్నుమూశారు.

ఐతే కవాటము అమర్చుటతో పని ముగియదు. లోహపు కవాటము గలవారు రక్తము గడ్డకట్టకుండా చేసే మాత్రను జీవితాంతము వాడాలి, వైద్యులు చెప్పిన గడువులలో రక్తపరీక్ష చేయించుకోవాలి. పన్ను తీయించుకొనే ముందు, గర్భము ధరించే ముందు వైద్యునికి తప్పక తెలుపాలి.

అసలు ఆ అవసరమే రాకుండా చూచుకొనుట మేలు. ఐదు నుండి పదిహేనేళ్ళ పిల్లలకు జ్వరముతో గొంతునొప్పి వస్తే, ఒక కీలు తగ్గి మరొకటి వాస్తే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. రుమాటిక్ జ్వరము వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేస్తారు. కూలిపనులకో, పండుగకో పొరుగు రాష్ట్రానికి వెళ్ళినప్పుడు ఆ సూది తప్పిపోరాదు. ఆసుపత్రి చీటీ వెంట ఉంచుకోండి. అక్కడి భాష రాకున్నా ఆ చీటీ చూచి వైద్యుడు గ్రహిస్తాడు.