మొక్క కణంలో సూక్ష్మనాళికలు: ఒక అన్వేషణ చరిత్ర

వృక్షకణశాస్త్ర చరిత్రను కటకాల చరిత్రగా చెప్పడం పరిపాటి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసిన ఖాళీ గదులతో మొదలై, 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ కణాలలో గుర్తించి పేరు పెట్టిన కేంద్రకం మీదుగా, 1931లో బెర్లిన్‌లో ఎర్నస్ట్ రుస్కా, మాక్స్ నోల్ నిర్మించిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని దాకా సాగే ఆ కథనం చదివితే, పరికరం శక్తి పెరిగిన కొద్దీ కణంలోని రహస్యాలు వాటంతట అవే బయటపడ్డాయని అనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు వృక్షకణశాస్త్రంలో ముఖ్యమైన అధ్యాయాలలో ఒకటైన సూక్ష్మనాళికల (కణంలోని అతి సన్నని బోలు గొట్టాల) అన్వేషణ మాత్రం ఈ కథనంలో ఇమడదు. అక్కడ అడ్డు తొలగించినది కొత్త కటకం కాదు, కణాన్ని చెడకుండా నిలిపి ఉంచిన ఒక రసాయనం. నలభై ఏళ్ల తర్వాత సమస్యను తేల్చడానికి ముందుకు వచ్చినదేమో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ముందు వెలవెలబోయిన పాత కాంతి సూక్ష్మదర్శిని.

అసలు సమస్య మొక్కల ఆకృతికి సంబంధించినది. జంతుకణానికి లేని ఒక గట్టి గోడ, అంటే కణకవచం, ప్రతి మొక్క కణాన్నీ చుట్టి ఉంటుంది గనుక మొక్కల కణాలు శరీరంలో అటూ ఇటూ కదలలేవు. వేరు కిందికి దిగినా, కాండం పైకి సాగినా అది కణాల విభజన వల్లా, ఒక్కొక్క కణం ఒక నిర్ణీత దిశలో పొడవెక్కడం వల్లా జరగవలసిందే. కణంలోని నీరు గోడపై కలిగించే ఒత్తిడిని స్ఫీత పీడనం అంటారు. అది అన్ని వైపులా సమానంగా పనిచేస్తున్నప్పుడు కణం గుండ్రంగా ఉబ్బిపోకుండా పొడవుగానే ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు సమాధానం గోడ నిర్మాణంలో ఉంది. సెల్యులోజ్ అణువుల గొలుసులు కట్టలుగా కలిసి ఏర్పడిన సూక్ష్మతంతువులు, పీపా చుట్టూ బిగించిన ఇనుప పట్టీల మాదిరిగా కణాన్ని అడ్డంగా చుట్టి ఉంటే, అడ్డంగా ఉబ్బే వీలు లేక కణం నిలువుగా సాగుతుంది. అయితే గోడకు లోపల కణాన్ని చుట్టి ఉండే ప్లాస్మా పొరకు వెలుపల పేరుకునే ఈ తంతువులకు దిశానిర్దేశం చేసేది ఏమిటన్నది 1960ల ఆరంభం దాకా తెలియలేదు.

ఈ ప్రశ్నకు తొలి సమాధానం కంటితో చూసి చెప్పినది కాదు. అమెరికా శాస్త్రవేత్త పాల్ గ్రీన్, సెంటీమీటర్ల పొడవు పెరిగే కణాలున్న నిటెల్లా అనే మంచినీటి శైవలంపై కాల్చిసిన్‌ను ప్రయోగించాడు. తెలుగు ప్రాంతాలలో అడవినాభిగా పేరున్న విషపు తీగలోనూ ఉండే ఈ పదార్థం, కణవిభజన సమయంలో క్రోమోజోములను చెరో వైపుకు చేర్చే కండె తంతువులను విచ్ఛిన్నం చేస్తుందని అప్పటికే తెలుసు. కాల్చిసిన్ తగిలిన నిటెల్లా కణం స్తంభాకారం వదిలి ఉబ్బడం, దాని కొత్త గోడలోని తంతువులు వరుస తప్పడం గమనించిన గ్రీన్, కండె తంతువులను పోలిన ప్రోటీన్ నిర్మాణాలేవో కణద్రవ్యంలో ఉండి గోడ అల్లికను నడిపిస్తున్నాయని 1962లో ప్రతిపాదించాడు. ఎవరి కంటా పడని నిర్మాణాన్ని దాని లోపం కలిగించిన ఫలితాన్ని బట్టి ఊహించిన ఈ చిన్న వ్యాసానికి, తర్వాత వచ్చిన అందమైన చిత్రాలకు దక్కినంత కీర్తి దక్కకపోవడం న్యాయంగా తోచదు.

ఆ నిర్మాణాలను అప్పటిదాకా ఎవరూ చూడకపోవడానికి కారణం పరికరంలో లేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లోపల శూన్యం ఉంటుంది గనుక కణాన్ని సజీవంగా అందులో పెట్టడం కుదరదు; ముందుగా రసాయనాలతో దాని నిర్మాణాన్ని ఉన్నదున్నట్లు బిగదీసి, నీరు తీసివేసి, రెసిన్‌లో పొదిగి, అతి పలుచని కోతలుగా కోయాలి. బిగదీసే ఈ మొదటి ప్రక్రియను స్థిరీకరణ అంటారు. 1950లలో మొక్కల కణాలకు విరివిగా వాడిన పొటాషియం పర్మాంగనేట్ లోపలి పొరలను నల్లని గీతల్లా స్పష్టంగా చూపేది గాని, ప్రోటీన్‌తో నిర్మితమైన సున్నిత భాగాలను మింగేసేది. ఆస్మియం టెట్రాక్సైడ్‌ను ఒంటరిగా, చల్లని స్థితిలో వాడినా సూక్ష్మనాళికలు సరిగా నిలిచేవి కావు. దశాబ్దం పాటు ప్రచురితమైన చక్కని చిత్రాలలో కణద్రవ్యం అంచున కనిపించిన ఖాళీ, కణంలో నిజంగా ఉన్న ఖాళీ కాదు. 1963లో సబాటినీ, బెన్ష్, బార్నెట్ గ్లూటరాల్డిహైడ్‌తో స్థిరీకరణ పద్ధతిని ప్రచురించడంతో ఈ స్థితి మారింది. ప్రోటీన్లను ఒకదానితో ఒకటి బంధించి నిలిపే ఈ రసాయనాన్ని ముందుగానూ, ఆస్మియంను ఆ తర్వాతనూ వాడడం త్వరలోనే ప్రయోగశాలల ఆనవాయితీ అయింది.

అదే సంవత్సరం హార్వర్డ్‌లో మైరన్ లెడ్‌బెటర్, కీత్ పోర్టర్ ఈ పద్ధతితో తిమోతి గడ్డి, జూనిపర్ మొక్కల కణాలను పరిశీలించి, ప్లాస్మా పొరకు ఆనుకొని లోపలివైపున సుమారు 25 నానోమీటర్ల వ్యాసం గల బోలు గొట్టాలు వరుసగా పరచుకొని ఉన్నాయని, అవి గోడలోని సెల్యులోజ్ తంతువులకు సమాంతరంగా ఉన్నాయని చూపి, వాటిని సూక్ష్మనాళికలు అన్నారు. గ్రీన్ ఊహించిన చోటే, ఊహించిన దిశలోనే అవి కనిపించాయి. మరుసటి ఏడాది పీటర్ హెప్లర్, ఎల్డన్ న్యూకోంబ్ కోలియస్ మొక్కలో గోడ పట్టీలుగా మందమెక్కుతున్న కణాలను పరిశీలించి, ఆ పట్టీల కిందనే సూక్ష్మనాళికలు గుమికూడాయని చూపారు. 1966లో కేంబ్రిడ్జిలో పికెట్-హీప్స్, నార్త్‌కోట్ గోధుమ కణాలలో మరో వింతను కనుగొన్నారు: విభజనకు ముందే కణాన్ని నడుము చుట్టూ చుట్టే సూక్ష్మనాళికల పట్టీ ఒకటి ఏర్పడి, కొత్త అడ్డుగోడ వచ్చి అతుక్కోబోయే స్థానాన్ని సూచించి, విభజన పూర్తికాకముందే మాయమవుతుంది.

అయినా సమాంతరంగా ఉండడం వేరు, దారి చూపడం వేరు. సెల్యులోజ్‌ను తయారుచేసే ఎంజైమ్ సముదాయాలు ప్లాస్మా పొరలో కదులుతూ సూక్ష్మనాళికల వెంట నడుస్తాయన్న భావనను 1974లో హీత్ ముందుకు తెచ్చాడు. కాని నిశ్చల చిత్రాల నుంచి చలనాన్ని రుజువు చేయడం సాధ్యం కాదు. చలనం కనబడాలంటే సజీవ కణాన్ని చూడగల కాంతి సూక్ష్మదర్శినే కావాలి, కానీ దానికి కాంతి తరంగదైర్ఘ్యం విధించే హద్దును ఎర్నస్ట్ అబే 1873లోనే చెప్పాడు. దాని ప్రకారం సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు మామూలు కాంతి సూక్ష్మదర్శినిలో విడివిడిగా కనిపించవు. కానీ ఒంటరి వస్తువు తానే వెలుగు చిమ్మితే, అది ఎంత సన్ననిదైనా ఎక్కడుందో తెలుస్తుంది. 1979లో క్లైవ్ లాయిడ్ బృందం, నాళికలను నిర్మించే ట్యూబ్యులిన్ ప్రోటీన్‌కు అతుక్కునే ప్రతిరక్షకాలకు మెరిసే రంజకాన్ని జోడించి, మొక్క కణంలోని సూక్ష్మనాళికల అల్లికను మొత్తంగా చూపింది. జెల్లీచేప నుంచి తెచ్చిన ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్ ఆ తర్వాత సజీవ కణాన్నే చూసే వీలు కల్పించింది. ఆవ కుటుంబానికి చెందిన చిన్న మొక్క అరబిడాప్సిస్, ఆ ప్రోటీన్ జన్యువు సందేశంలోని 84 అక్షరాల భాగాన్ని అనవసరమనుకొని కత్తిరించివేస్తుండగా, 1997లో జిమ్ హాసెలాఫ్ బృందం జన్యువును సవరించి ఆ చిక్కును తొలగించింది.

2006లో స్టాన్‌ఫర్డ్‌లోని కార్నెగీ సంస్థలో అలెగ్జాండర్ పరెడెజ్, క్రిస్ సోమర్విల్, డేవిడ్ ఎర్హార్ట్ సెల్యులోజ్ ఎంజైమ్‌ను పసుపుగా మెరిసేలా చేసి, ఎంచుకున్న తలం నుంచి వచ్చే కాంతిని మాత్రమే స్వీకరించే కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని కింద చీకటిలో మొలిచిన అరబిడాప్సిస్ మొలకలను ఉంచారు. ఎంజైమ్ చుక్కలు నిమిషానికి సగటున 330 నానోమీటర్ల వేగంతో సూక్ష్మనాళికల బాటలోనే సాగాయి. నాళికల దిశ మారితే వాటి దిశా మారింది. అయితే ఒక మందుతో నాళికలను రూపుమాపినా చుక్కలు ఆగలేదు, అదే వేగంతో తిన్నగా నడిచాయి. అంటే వాటిని ముందుకు నెట్టే బలం నాళికలది కాదు; గట్టిపడుతూ పొడవెక్కే సెల్యులోజ్ తంతువే తన్ను తయారుచేస్తున్న ఎంజైమ్‌ను ముందుకు నెడుతోందన్న వివరణ ఇక్కడే బలపడింది. ఎంజైమ్‌నూ నాళికనూ కలిపే ప్రోటీన్ ఒకటి 2010 తర్వాత వెలుగులోకి వచ్చింది గాని, నాళికలు లేని చోట ఆ చుక్కలకు క్రమాన్ని ఇచ్చేది ఏమిటన్న ప్రశ్నను అది తీర్చలేదు.