రేషన్ బియ్యం పక్కదారి పడుతోందని డౌటా? ఎవరికి చెప్పాలి, ఏం రాయాలి.. ఇవిగో వివరాలు

"వేలిముద్ర పడట్లేదు, రేపు రామ్మా" అంటాడు డీలర్. రేపు వెళ్తే స్టాక్ అయిపోయిందంటాడు. తీరా ఆన్‌లైన్‌లో చూస్తే ఆ నెల బియ్యం ఆ కుటుంబం తీసుకున్నట్టే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ఫిర్యాదులు కొత్తేం కాదు. 2024 నవంబర్‌లో కాకినాడ పోర్టులో స్టెల్లా నౌకలో రేషన్ బియ్యం దొరికినప్పుడు, డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ అక్కడికి వెళ్లి "సీజ్ ద షిప్" అన్నప్పుడు దేశమంతా చూసింది. అయితే పోర్టు దాకా వెళ్లే బియ్యం కూడా ఎక్కడో ఒక షాపు దగ్గరో, మిల్లు దగ్గరో, ఏదో ఇంటి గుమ్మం దగ్గరో బయల్దేరిందే. అక్కడే పట్టుకోవాలంటే చూసినవాళ్లు చెప్పాలి. చెప్పడం కూడా సరైన చోట చెప్పాలి.

ముందు మీకు ఎంత రావాలో తెలుసుకోండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు. అంత్యోదయ కార్డు అయితే మనుషులతో సంబంధం లేకుండా కుటుంబానికి 35 కిలోలు. తెలంగాణలో ఒక్కొక్కరికి 6 కిలోలు ఇస్తున్నారు, 2025 ఉగాది నుంచి అక్కడ సన్నబియ్యం మొదలైంది. అంటే ఐదుగురున్న ఇంటికి 30 కిలోలు. ఒక్క నెల చేజారితే అదే 30 కిలోలు కిరాణా కొట్లో కొనాలి. కూలికెళ్లే ఇంటికి అది చిన్న లెక్క కాదు.

రికార్డు చూశాకే ఫిర్యాదు

ఈ-పోస్ మిషన్‌లో వేలిముద్ర పడితే స్లిప్ వస్తుంది. అది అడిగి తీసుకోండి. చాలామంది వదిలేస్తారు, కానీ రేపు గొడవ వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. "పడలేదు" అని పంపించేస్తే ఇంటికెళ్లాక రెండు రాష్ట్రాల ఈ-పోస్ వెబ్‌సైట్లలో గానీ, కేంద్రం తెచ్చిన మేరా రేషన్ యాప్‌లో గానీ కార్డు నంబర్ కొట్టి చూడండి. ఏ నెలలో ఎంత తీసుకున్నట్టు చూపిస్తోందో కనిపిస్తుంది. మీరు తీసుకోని బియ్యం తీసుకున్నట్టు ఉంటే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నిజంగానే వేలిముద్ర పడని వాళ్లు కూడా ఉంటారు. పొలం పనులు చేసే పెద్దవాళ్లకు గీతలు అరిగిపోతాయి. అది డీలర్ మోసం కాదు. అప్పుడు కంటిపాప స్కాన్ చేయమని అడగండి, లేదా కార్డులో ఉన్న ఇంకొకరిని పంపండి. ఈ తేడా చూసుకోకుండా ఫిర్యాదు పెడితే అసలు మోసం జరిగిన కేసులు కూడా "టెక్నికల్ ప్రాబ్లం" కింద కొట్టుకుపోతాయి.

షాపు ముందు బోర్డు కూడా చూడండి. ఎంత స్టాక్ వచ్చింది, ఎంత మిగిలింది, ఎవరికి ఎంత ఇవ్వాలి, షాపు ఎప్పుడు తెరుస్తారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి.. ఇవన్నీ రాసి పెట్టాలని 2015 నాటి ప్రజా పంపిణీ నియంత్రణ ఉత్తర్వులు చెబుతున్నాయి. డీలర్ మీ కార్డు తన దగ్గర పెట్టుకోవడం కూడా కుదరదు. "కార్డు నా దగ్గరే ఉంచండి, నేను చూసుకుంటా" అన్నాడంటే అనుమానించాల్సిందే.

లారీ కదులుతుంటే ఒక దారి, లెక్కలో తప్పుంటే ఇంకో దారి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రాత్రిపూట షాపు నుంచి బస్తాలు ఆటోలోకి ఎక్కుతున్నాయనుకోండి. సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి అర్జీ ఇద్దాంలే అని ఆగితే అప్పటికి ఆ బియ్యం మిల్లులో పాలిష్ అయిపోయి వేరే సంచిలోకి మారిపోతుంది. కదులుతున్న సరుకుకు ఫోనే దారి. 112కి కొట్టి బండి నంబర్, ఎటు వెళ్తోంది, ఎన్ని గంటలకు చూశారు అన్నవి చెప్పండి. ఆ వెంటనే పౌర సరఫరాల టోల్ ఫ్రీ నంబర్ 1967కి కూడా చెప్పండి. మండలంలో సివిల్ సప్లయిస్ డీటీ నంబర్ తెలిస్తే ఇంకా మంచిది. బండికి అడ్డం పడటం, వెంటాడటం మాత్రం వద్దు. అది పోలీసుల పని. సంచుల మీద మిల్లు వివరాలున్న ట్యాగ్ దూరం నుంచి ఫోటోకి దొరికితే తీయండి, లేకపోతే లేదు.

పట్టుబడితే నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు పెడతారు. వార్తల్లో తరచూ వినే "6ఏ కేసు" అదే. సరుకును, బండిని జప్తు చేసే అధికారం కలెక్టర్‌కు ఇచ్చేది ఆ సెక్షన్. క్రిమినల్ కేసు వేరుగా నడుస్తుంది, అందులో నేరం రుజువైతే ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు.

లెక్కలో తప్పు ఉంటే తొందర అక్కర్లేదు, కాగితం కావాలి. తూకం తగ్గడం, వేలిముద్ర వేయించుకుని బియ్యం బదులు చేతిలో డబ్బులు పెట్టడం, నెలంతా షాపు తెరవకపోవడం.. ఇవన్నీ రాతపూర్వకంగా ఇవ్వండి. ముందు తహసీల్దార్, ఆ తర్వాత జిల్లా పౌర సరఫరాల అధికారి. సోమవారాల్లో అయితే తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఏపీలో ఇంటి నుంచే 1100కి ఫోన్ చేసి నమోదు చేయించొచ్చు. ఎక్కడ ఇచ్చినా రసీదు గానీ నంబర్ గానీ తీసుకోకుండా బయటకు రావద్దు.

"మా డీలర్ దొంగ, చర్యలు తీసుకోండి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "షాపు నంబర్ ఫలానా. ఈ నెల 6న సాయంత్రం 5 గంటలకు వెళ్లాం. స్లిప్‌లో 20 కిలోలు ఉంది, ఇచ్చింది 16. పక్కింటి వాళ్లకూ ఇలాగే జరిగింది, వాళ్ల సంతకాలు జత చేశాం" అని రాస్తే ఆ రోజు లావాదేవీలు తీసి చూడక తప్పదు. ఒక్కరు వెళ్లడం కంటే నలుగురు వెళ్లడం మేలు. ఊళ్లో డీలర్‌తో మొహం చూసుకోవాల్సింది మీరే కాబట్టి, పేరు బయటపెట్టొద్దని ముందే చెప్పండి, అర్జీలోనూ రాయండి. పేరు లేకుండా పంపితే ఏమైందో మళ్లీ తెలుసుకోవడం కష్టం.

అధికారే డీలర్‌తో కలిసిపోయాడనిపిస్తే? ఆహార భద్రత చట్టంలోనే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి అని ఒకరుండాలి. ఆయన తీర్పు నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీల్ చేసుకోవచ్చు. ఆయన చెప్పిన ఊరట కల్పించని ఉద్యోగికి కమిషన్ 5,000 రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. లంచం వ్యవహారమైతే నేరుగా ఏసీబీకి వెళ్లాలి.

ప్లాస్టిక్ బియ్యం గోల

వాట్సాప్‌లో ఎక్కువ తిరిగే ఫిర్యాదు ఇదే, నిలబడనిదీ ఇదే. రేషన్ బియ్యంలో కొన్నేళ్లుగా ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి తయారు చేసిన గింజలను వందకు ఒకటి లెక్కన కలిపి ఇస్తూ వచ్చారు. అవి కాస్త పసుపుగా, తేడాగా కనిపిస్తాయి. కొన్ని నీళ్లలో తేలతాయి. ప్లాస్టిక్ కాదు, ఏరి పారేయొద్దు. పైగా బస్తా మార్చేసిన బియ్యం రేషన్‌దో కాదో పరీక్షలో తేలడానికి ఆ గింజలే పనికొస్తాయి. పురుగులు, ముక్కిన వాసన ఉంటే మాత్రం నిజమైన ఫిర్యాదే. కొంచెం బియ్యం విడిగా ఉంచి ఫోటోతో సహా ఇవ్వండి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇంటింటికీ తిరిగి కిలో పది పన్నెండు రూపాయలకు కార్డు బియ్యం కొనేవాళ్లు ఉన్నారంటే అమ్మేవాళ్లు ఉన్నారనే అర్థం. దొడ్డు బియ్యం తినలేక అమ్ముకున్నామని చాలామంది అంటారు. కష్టం అర్థమవుతుంది, కానీ అది కూడా నేరమే, కార్డు రద్దయ్యే ప్రమాదం ఉంది. ఫిర్యాదు చేసేటప్పుడు అమ్మిన ముసలామె పేరు కంటే కొని పోగుచేస్తున్న వాళ్ల గోడౌన్ ఎక్కడుందో చెప్పడం ముఖ్యం.

ఫిర్యాదు తేలేదాకా బియ్యం మానుకోనక్కర్లేదు. పోర్టబిలిటీ ఉంది కాబట్టి పక్క షాపులో తీసుకోవచ్చు. ఏపీ కార్డుతో హైదరాబాద్‌లో ఉంటున్నా అక్కడే తీసుకోవచ్చు. ఈ రెండు రాష్ట్రాల మధ్య ఇది 2019 ఆగస్టు నుంచే ఉంది. "వేరే ఊరి కార్డు, ఇవ్వం" అంటే 14445కి ఫోన్ చేయండి. ఏపీలో 2025 జూన్ 1 నుంచి ఇంటింటికీ వచ్చే వాహనాలు ఆగిపోయి మళ్లీ షాపుల్లోనే ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు మాత్రం ఇంటికే తెచ్చివ్వాలి. డీలర్ రమ్మంటే, అదీ 1967కి చెప్పాల్సిన విషయమే.