గుత్తి గొలుసు నుంచి ఉపగ్రహం దాకా

అనంతపురం పీఠభూమిలో పాత దారి గుర్తులు చాలావరకు నీటి పేర్లే. బుక్కరాయసముద్రం, నాగసముద్రం, కొత్తచెరువు: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ నేల మీద చెరువునే సముద్రమన్నారు. పట్టణం పేరు కూడా విజయనగర కాలం నాటి అనంతసాగరం చెరువు నుంచి వచ్చిందే. చెరువు ఎండినా కట్ట ఎక్కడికీ పోదు. అందుకే బాటసారికి చెరువు కట్ట, గుట్ట, వంక, పొలిమేరలో పాతిన రాయి దారి చూపేవి. దూరాన్ని కోసుల్లో, ఆమడల్లో చెప్పుకునేవారు. బండ్ల బాట రెండుగా చీలిన చోట పశువులు కాసేవాళ్ళను అడగడమే పద్ధతి. ఆ తెలివిడి అంతా మనుషుల నోట ఉండేది. కరువు వచ్చి ఊరు వలస పోతే, దారి చెప్పేవాళ్ళు కూడా పోయేవారు.

దారులు, ఊళ్ళు కాగితం మీదికి ఎక్కింది ప్రయాణికుల కోసం కాదు, శిస్తు కోసం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు, అవే దత్తమండలాలు. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో ఉండి 1807 వరకు పాలించాడు. 1802లో ఆయన మొదలుపెట్టించిన పొలాల సర్వేకు 33 అడుగుల గొలుసు కొలమానం. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. ఏ పొలం ఎంత, ఎవరిది అన్నది లెక్కలకెక్కింది. కానీ ఆ పొలం భూగోళం మీద సరిగ్గా ఎక్కడుందో గొలుసు ఒక్కటే చెప్పలేదు.

ఆ ప్రశ్నకు జవాబు గుత్తి దగ్గర దొరికింది. 1802లో మద్రాసులో త్రికోణమితి సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్, 1811లో గుత్తి వద్ద ఒక ఆధారరేఖను కొలిపించాడు. ఉక్కు గొలుసు ఎండకు సాగుతుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. అందుకని ఉష్ణమాపకాలు పెట్టి, ఆ తేడాను లెక్కలో సవరిస్తూ, అంగుళం కూడా వదలకుండా కొలవాలి. ఒక్క రేఖ పొడవు కచ్చితంగా తెలిస్తే చాలు. అక్కడి నుంచి దూరపు గుట్టల మీది గురుతులను థియొడొలైట్‌తో చూసి, కోణాలు కొలిచి, మిగిలిన దూరాలన్నీ లెక్కగట్టవచ్చు. లాంబ్టన్ థియొడొలైట్ అరటన్ను బరువుండేది. దాన్ని కొండల మీదికి మనుషులే మోసుకెళ్ళారు. కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి సాగిన ఈ సర్వే ప్రధాన రేఖ, అంటే మహా చాపం, 78వ రేఖాంశాన్ని అంటిపెట్టుకుని ఈ పీఠభూమి మీదుగానే నడిచింది. చెట్లు పలచగా ఉండి, కొండ నుంచి కొండకు చూపు ఆనే నేల సర్వేయరుకు అనుకూలం. బోడి కొండలంటే దరిద్రమని తలచే చోట, ఆ బోడితనమే ఇక్కడ శాస్త్రానికి అక్కరకొచ్చింది.

స్థానాలు తేలాక పేర్లు కావలసివచ్చాయి. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయిన కోలిన్ మెకంజీ దత్తమండలాల సర్వేతో పాటు ఊరూరి చరిత్రలను కూడా సేకరింపజేశాడు. కావలి సోదరుల వంటి తెలుగు పండితులు, వారి మనుషులు గ్రామాలు తిరిగి, కరణాలను అడిగి రాయించిన కైఫియత్తులు ఇప్పటికీ అమూల్యం. చుక్క పెట్టడం గణితజ్ఞుడి పని. ఆ చుక్క పేరు చెప్పగలిగింది మాత్రం కరణమే. ఆ తరవాత రెండు వందల ఏళ్ళ దారి చరిత్ర అంతా ఈ రెండు పనుల మధ్యే తిరిగింది.

సర్వే శాఖ పటాల్లో 14, 15 అక్షాంశాల మధ్య, 77, 78 రేఖాంశాల మధ్య ఉన్న నేలకు 57 ఎఫ్ అని సంఖ్య. అనంతపురం అందులో ఉంది. గుత్తి దాని పైనున్న 57 ఇ లోకి వస్తుంది. అవి చక్కటి పటాలే అయినా చాలాకాలం వరకు మామూలు జనానికి అందుబాటులో లేవు. 2005 జాతీయ పటాల విధానం సైన్యానికి ఒక వరుస, ప్రజలకు ఒక వరుస వేరుచేసింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలతోనే దేశీయ సంస్థలకు పటాలు తయారుచేసుకునే స్వేచ్ఛ పూర్తిగా దక్కింది.

ఈలోగా ఆకాశం నుంచి మరో గొలుసు దిగింది. అమెరికా రక్షణశాఖ జీపీఎస్ తొలి ఉపగ్రహాన్ని 1978లో పంపింది. 24 ఉపగ్రహాల వ్యవస్థ 1995 నాటికి పూర్తయింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహాలు సమయాన్ని ప్రసారం చేస్తాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే పరికరం తన స్థానాన్ని లెక్కగట్టుకుంటుంది. లాంబ్టన్ కోణాలతో చేసిన పనిని ఇది దూరాలతో చేస్తుంది. పౌరుల సంకేతంలో కావాలని పెట్టిన తప్పును 2000 మే నెలలో తొలగించడంతో, వంద మీటర్ల దాకా ఉన్న తేడా పదిపదిహేను మీటర్లకు తగ్గింది. కార్లలో పెట్టుకునే చిన్న పరికరాలకు అసలైన వ్యాపారం అప్పటినుంచే.

భారతదేశంలో అవి 2000 దశకం రెండో సగంలో అంగళ్ళకు వచ్చాయి. విదేశీ గార్మిన్ ఉంది, ఢిల్లీ నుంచి మ్యాప్‌మైఇండియా, హైదరాబాదు నుంచి శాట్‌నావ్ సంస్థ శాట్‌గైడ్ వచ్చాయి. నాలుగంగుళాల తెర, అద్దానికి అతుక్కునే పీట, సిగరెట్ సాకెట్ నుంచి కరెంటు, మెమరీ కార్డులో దేశపటం: చవకదైనా ఖరీదుదైనా రూపం ఒకటే. చవకది ఎంచుకునేవారు తరచుగా పొరబడింది సంకేతం విషయంలో. అనంతపురం ఆకాశం కింద సంకేతానికి కొదవ లేదు. ఎత్తైన మేడలు లేవు, దట్టమైన అడవి లేదు. తక్కువ ధర పరికరమైనా ఉన్న చోటు సరిగ్గానే చెబుతుంది. తేడా వచ్చేది పటం దగ్గర.

అనంతపురం మీదుగా పోయే జాతీయ రహదారిని ఎన్ హెచ్ 7 అని రాసుకున్న పాత కార్డుకు, 2010లో ఆ రహదారి 44గా మారిన సంగతి తెలియదు. నాలుగు వరసల రోడ్డు వేసి, పట్టణాలకు బైపాసులు కట్టాక కూడా అది బండిని పాత బజారులోకే తిప్పుతుంది. కొత్తపల్లులు జిల్లా నిండా ఉంటే, ఏ కొత్తపల్లో తేల్చుకోవడానికి మండలం పేరు కావాలి. 2022 ఏప్రిల్‌లో పెనుకొండ, కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాక, జిల్లా పేరుతో వెతికే పాత పరికరం మరింత తికమకపడింది. గుత్తిని ఇంగ్లీషులో దొరలు రాసిన అక్షరాలతోనే టైపు చేయాలి. పలికినట్టు రాస్తే దొరకని యంత్రాలు ఉండేవి. పటం తాజా చేయడానికి మళ్ళీ డబ్బు కట్టాల్సివస్తే, చవక ధర రెండేళ్ళలో చవక కాకుండా పోయేది.

ఆ విడి పరికరాల కాలం పదేళ్ళు కూడా నిలవలేదు. స్మార్ట్‌ఫోను వాటి పనిని దాదాపు ఉచితంగా చేసింది. 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి తొలి సెల్టోస్ బయటికి వచ్చింది. దాని పై రకాల్లో దారి చూపే తెర బండిలోనే అమర్చి ఉంది. ఇస్రో 2013 నుంచి 2016 లోపు ఏడు ఉపగ్రహాలను పంపి, జీపీఎస్ లాంటి దేశీయ వ్యవస్థ నావిక్‌ను నిలబెట్టింది. అయినా ఫోనుకు సెల్ సిగ్నల్ అందని గుట్టల సందుల్లో, పటాన్ని తనలోనే దాచుకున్న పరికరానికి ఇప్పటికీ విలువ ఉంది. ఫోనులోనూ పటాన్ని ముందే దించుకుంటే అదే సౌకర్యం దక్కుతుంది.

తక్కువ ధర పరికరం కొనేవారు తెర వెడల్పు, ఉపగ్రహాల లెక్క కంటే పటం తేదీని, దాన్ని తాజా చేసుకోవడానికి అయ్యే ఖర్చును ముందు అడగాలి. అంగట్లో డబ్బు చెల్లించే ముందు గుత్తి, కొత్తపల్లి, ఎర్రమంచి అన్న మూడు పేర్లు అందులో వెతికి చూడాలి.