తోటనేలకు పచ్చని దుప్పటి: ఆచ్ఛాదన పైరుల బోధనా చరిత్ర

వానలు పడు దినములలో మామిడి తోటలను చూచుచు పోయినచో, కొన్నిచోట్ల చెట్ల క్రింద గడ్డిపోచయైనను లేకుండ నేల అద్దమువలె కనిపించును. "తోట ఎంత శుభ్రముగ నున్నది!" అని బాటసారులు మెచ్చుకొందురు. మరికొన్ని తోటలలో చెట్ల వరుసల నడుమ జనుమో, అలసందయో, పిల్లిపెసరయో దట్టముగ పెరిగి యుండును. ఈ రెండింటిలో ఏది మంచి తోట? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని దీనికి సమాధానము వెదకుటలో శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు శ్రమించిరి. దొరికిన సమాధానమును రైతునకు చెప్పగల బోధకులను తయారుచేయుటకు పడిన శ్రమ అంతకంటె తక్కువ కాదు. ఆ రెండు శ్రమల చరిత్రయే ఈ వ్యాసము.

ఆచ్ఛాదన పైరు అనగా నేమి?

ఫలసాయము కొరకు గాక, ముఖ్యముగ నేలను కప్పి కాపాడుటకై వేయు పైరును ఆచ్ఛాదన పైరు అందురు. దానిని పచ్చిగ నున్నప్పుడే కలియదున్నినచో అది పచ్చిరొట్ట ఎరువగును. బట్టబయలుగ నున్న నేలపై వానచినుకు వేగముగ పడినపుడు మట్టిగడ్డలు చెదరిపోవును. సన్నని రేణువులు నేలలోని రంధ్రములను మూసివేయును. అప్పుడు నీరు ఇంకుటకు దారిలేక, సారవంతమైన పైమట్టిని వెంటబెట్టుకొని పల్లమునకు పారును. పైరు ఉన్నచో చినుకు దెబ్బను ఆకులు కాచుకొనును. వేళ్ళు మట్టిని పట్టి యుంచును.

పప్పుజాతి పైరులవలన మరియొక లాభము కలదు. ఈ జాతి మొక్కలు నేలకు బలమిచ్చునని ప్రాచీన రోమను రైతులకు కూడ తెలియును. కాని ఎట్లు ఇచ్చునో 1886 వరకు ఎవరికిని తెలియలేదు. ఆ సంవత్సరము జర్మనీ దేశమున హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను శాస్త్రజ్ఞులు, ఈ మొక్కల వేళ్ళపై నుండు బుడిపెలలోని సూక్ష్మజీవుల సహాయముననే గాలిలోని నత్రజని మొక్కకు అందుచున్నదని ప్రకటించిరి. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ సూక్ష్మజీవిని విడదీసి పెంచెను. అనుభవముగ నున్నది అప్పుడు శాస్త్రమయ్యెను.

బెయిలీ: తోటలోనే తరగతి

ఈ శాస్త్రమును పండ్లతోటలకు అన్వయించి బోధించిన వారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడు లిబర్టీ హైడ్ బెయిలీ. ఆయన 1858లో మిషిగన్ రాష్ట్రమున ఒక పండ్లతోట రైతు ఇంట పుట్టెను. 1888లో న్యూయార్కు రాష్ట్రములోని కార్నెల్ విశ్వవిద్యాలయమున ఉద్యానశాస్త్ర ఆచార్యుడుగ చేరెను. 1894లో ఆ రాష్ట్రపు పశ్చిమ భాగములోని ద్రాక్ష రైతులు తమ తోటల బాధలను పరిశీలించి సహాయము చేయవలెనని కోరగా, శాసనసభ అందులకు 8,000 డాలర్లు మంజూరు చేసెను. ఆ పని బెయిలీకి అప్పగింపబడెను. ఆయన విశ్వవిద్యాలయమున కూర్చుండి ఉత్తరువులు పంపలేదు. తన సహాయకులతో గూడ తోటలకే పోయి, రైతుల నడుమ పరీక్షలు చేసి, సభలు జరిపి, చిన్న చిన్న ప్రచురణలు వెలువరించెను.

ఆయన బోధించిన పద్ధతి యిది. వసంతమున చెట్లు చిగిర్చునప్పటినుండి నడివేసవి వరకు నేలను దున్నుచు తేమను నిలుపవలెను. పిదప దుక్కి మాని క్లోవర్, వెచ్, రై వంటి పైరును చల్లవలెను. అప్పటికి చెట్టు తన కొమ్మల పెరుగుదలను ముగించి, రాబోవు చలికి గట్టిపడవలసిన కాలము వచ్చును. క్రొత్త పైరు మిగులు నీటిని, నత్రజనిని పీల్చుకొని ఆ పనికి తోడ్పడును. చలికాలమంతయు నేలను కప్పియుండును. మరల వసంతమున దున్నినపుడు ఎరువగును. ఇందలి కీలకము పైరు పేరులో లేదు, కాలములో ఉన్నది. ఆ పైరునే వసంతమున వేసియుండినచో చెట్టునకు శత్రువై యుండెడిది.

బెయిలీ దృష్టి రైతులతోనే ఆగలేదు. పల్లెబడుల ఉపాధ్యాయులకు ప్రకృతి పాఠములు నేర్పవలెనని ఆయన పూనుకొనెను. ఆ పనిలో అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ అను విదుషీమణి ఆయనకు తోడ్పడెను. ఉపాధ్యాయుడు ముందుగ మొక్కను చేతబట్టి చూడవలెననియు, అటుపిమ్మటనే పుస్తకము తెరువవలెననియు వారి మతము.

బండిపై వచ్చిన బడి

ఇదే కాలమున అమెరికా దక్షిణ భాగమున అలబామా రాష్ట్రములోని టస్కీగీలో జార్జి వాషింగ్టన్ కార్వర్ మరియొక విధముగ బోధించుచుండెను. ఏటేట ప్రత్తియే వేయుటచే అచటి నేలలు సారము కోల్పోయెను. అలసంద వంటి పప్పుజాతి పైరులతో వానికి బలము చేకూర్చవచ్చునని ఆయన పరీక్షలు చేసి చూపెను. కాని ఇటీవలి వరకు బానిసలుగ నుండి, చదువునకు దూరమైన నీగ్రో రైతులు కళాశాలకు రాగలరా? కావున 1906లో కళాశాలయే బండియెక్కి వారి వద్దకు పోయెను. న్యూయార్కు ధనికుడు మారిస్ జెసప్ ఇచ్చిన ధనముతో తయారైన ఆ బండిలో పనిముట్లు, విత్తనములు ఉండెడివి. దానిని నడిపిన థామస్ కాంప్‌బెల్ ఆ సంవత్సరముననే ప్రభుత్వ వ్యవసాయ ప్రదర్శకుడుగ నియమింపబడెను.

ఇట్టి ప్రయత్నముల ఫలితముగ 1914లో అమెరికా ప్రభుత్వము స్మిత్-లీవర్ చట్టము ద్వారా వ్యవసాయ విస్తరణ శాఖను దేశమంతట నెలకొల్పెను. 1917లో స్మిత్-హ్యూస్ చట్టము ఉన్నత పాఠశాలలలో వ్యవసాయ బోధనకును, ఆ ఉపాధ్యాయుల శిక్షణకును ధనసహాయము కల్పించెను.

గడ్డి మిత్రమా, శత్రువా?

బోధకులు హెచ్చుచుండగా, పరిశోధకులు ఒక చిక్కు ప్రశ్నను వారి ముందుంచిరి. బెయిలీ ద్రాక్షతోటలకు పోయిన 1894లోనే ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ ప్రభువు, స్పెన్సర్ పికరింగ్ అను శాస్త్రజ్ఞుడు కలసి ఊబర్న్ పండ్ల పరిశోధనక్షేత్రమును స్థాపించిరి. లేత ఆపిల్ చెట్ల క్రింద గడ్డి పెంచగా చెట్లు గిడసబారెను, ఆకులు పాలిపోయెను. గడ్డినుండి ఏదియో విషము చెట్టు వేళ్ళకు చేరుచున్నదని పికరింగ్ తలచెను.

మన దేశమున బీహారులోని పూసా పరిశోధనాలయమున ఆల్బర్ట్ హోవర్డ్ ఈ ప్రశ్ననే మరింత లోతుగ పరిశీలించెను. 1914లో ఎనిమిది జాతుల పండ్లచెట్లు నాటబడెను. ప్లమ్, పీచ్, సీతాఫలము ఆకు రాల్చునవి. మామిడి, జామ, లిచీ, నిమ్మ, లొకాట్ సతతహరితములు. 1916లో కొన్ని మడులలో గడ్డి పెంచి, కొన్నిటిని శుభ్రముగ దున్నించి, మరికొన్నిటిలో గడ్డితోపాటు గాలి ప్రవేశించుటకై ఇటుకముక్కలు నింపిన కాలువలు త్రవ్వించిరి. గడ్డి వలన అన్నిటికంటె ఎక్కువ నష్టపడినది సీతాఫలము. మామిడి, లిచీ ఎట్లో నిలద్రొక్కుకొనెను. జామ మాత్రము గడ్డిలో కూడ, దున్నిన మడిలోని చెట్టులో సుమారు ముప్పాతిక వంతు పెరిగెను! వేళ్ళను త్రవ్వి చూడగా, జామ తన సన్నని వేళ్ళను గడ్డి నడుమకే పైకి పంపియుండెను. కాలువలు త్రవ్విన మడులలో చెట్లకు కొంత ఊరట కలిగెను. కావున వేళ్ళకు గాలి చాలకపోవుటయే కీడునకు కారణమని హోవర్డ్ నిశ్చయించెను.

నేటి శాస్త్రము నీటికొరకు, నత్రజనికొరకు గడ్డికిని చెట్టునకును జరుగు పోటీని ముఖ్యకారణముగ చెప్పుచున్నది. కారణమేదైనను పూసా నేర్పిన పాఠము చెక్కుచెదరలేదు. గడ్డి ఒకటే, నేల ఒకటే. చెట్టు మారినచో ఫలితము మారెను. ఒక తోటలో నేర్చినదానిని వేరొక తోటలో కన్నులు మూసికొని బోధించు వానివలన రైతునకు నష్టమే కలుగును.

మరచిన విద్య

1913లో జర్మనీలోని ఒపౌ కర్మాగారమున గాలిలోని నత్రజనితో అమోనియా తయారగుట ఆరంభమయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధము పిదప రసాయనిక ఎరువులు చౌకగ లభించెను. కలుపు మందులు వచ్చెను. బస్తాతో వచ్చు నత్రజని కొరకు ఎవరు జనుము చల్లుదురు? పచ్చని దుప్పటి అనేక తోటలనుండి తొలగెను. రైతులు మానినది కొన్నాళ్ళకు బోధకులకు కూడ తెలియకుండ పోయెను. ఒక విద్య నశించుటకు పుస్తకములు తగులబడ నక్కరలేదు. దానిని చేసి చూపగల వారు ఒక తరము లేకున్న చాలును.

నేలకోత, నీటిలో నైట్రేటుల కాలుష్యము, ఎరువుల ధరలు మరల ఆ విద్యను గుర్తుచేసెను. 1988లో అమెరికా ప్రభుత్వము సుస్థిర వ్యవసాయమునకై ఒక పరిశోధన, బోధనా పథకమును ప్రారంభించెను. అప్పుడొక సంగతి బయటపడెను: రైతులు అడుగుచున్న ప్రశ్నలకు విస్తరణాధికారుల వద్దనే సమాధానములు లేవు. కావున 1990 నాటి వ్యవసాయ చట్టము బోధకులకే శిక్షణ ఈయవలెనని నిర్దేశించెను. ఆ శిక్షణ 1994లో ఆరంభమయ్యెను. ప్రతి రాష్ట్రమునకు ఒక సమన్వయకర్త ఏర్పడెను. విస్తరణాధికారులు తోటలకు పోయి, పైరును ఎప్పుడు వేయవలెను, ఎప్పుడు అణచవలెను అను విషయములను అనుభవముగల రైతుల వద్దనే నేర్చుకొన నారంభించిరి. మన దేశమున 1974లో పుదుచ్చేరిలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రము వెలసినది కూడ, చేయుచు నేర్చుకొనవలెనను ఈ ఆశయముతోనే.

మన తోటలో, మన తరగతిలో

తెలుగునాట ఈ జ్ఞానమునకు పునాది రైతుల వద్దనే కలదు. జనుమును పూతదశలో కలియదున్నవలెనని పెద్దలు చెప్పుదురు. దీనికి శాస్త్రకారణము కలదు. లేత పైరులో కర్బనముతో పోల్చగా నత్రజని ఎక్కువ. అది త్వరగ కుళ్ళి చెట్టునకు అందును. ముదిరిన కాడలో కర్బనము నత్రజనికి 25 రెట్లకంటె మించినచో, దానిని కుళ్ళించు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కూడ తామే తీసికొనును. అప్పుడు ఎరువు వేసియు చెట్టు ఆకలిగొనును. వర్షాధారపు తోటలో పైరును తొలకరిలో చల్లి వానలు వెనుకపట్టక ముందే దున్నుటయు ఇట్టిదే. ఆలసించినచో చెట్టునకు మిగులవలసిన తేమను పైరు త్రాగివేయును.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక చిన్న పరీక్ష చేయింపవచ్చును. బడితోటలో ఒక అలసంద మొక్కను వేళ్ళు తెగకుండ పెల్లగించి, బుడిపెలను బ్లేడుతో కోసి చూడవలెను. లోపల గులాబి రంగున్నచో అవి నత్రజనిని స్థిరపరచుచున్నవని గుర్తు. పిదప రెండు చిన్న మడులు కట్టి, ఒకదానిలో అలసంద పెంచి, రెండవదానిని బోడిగ విడువవలెను. పెద్దవాన కురిసిన దినమున ఏ మడినుండి బురదనీరు పారుచున్నదో, వాన వెలసిన వారమునకు ఏ మడిలో తేమ ఎక్కువ మిగిలియున్నదో వ్రాసికొనవలెను. మొదటి ప్రశ్నకు కప్పిన మడి గెలువవచ్చును. రెండవ ప్రశ్నకు సమాధానము కాలమునుబట్టి, పైరు వయస్సునుబట్టి మారవచ్చును. అట్లు మారినపుడు కారణమేమని విద్యార్థి అడిగినచో, అతడు బెయిలీ, హోవర్డ్ నడచిన బాటలో మొదటి అడుగు వేసినట్లే.