కంచర గాడిద ఎరువు: దేశంలో సగానికి పైగా పడిపోయిన లెక్క.. ఉప్మాక రైతుకు దీంతో పనేంటి?

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని ఉప్మాక అంటే అందరికీ గుర్తొచ్చేది గరుడాద్రి కొండ, వెంకన్న గుడి. చుట్టుపక్కల మాత్రం వరి, చెరకు పండే పల్లెలే. ఇక్కడ ఎరువు అంటే ఆవు, గేదె పేడతో పెరట్లో పోగేసే గత్తం, లేదా గొర్రెల మంద. కంచర గాడిద ఎరువు అనే మాట ఎవరి నోటా వినిపించదు. కానీ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) డేటాలో దానికి ప్రత్యేకంగా ఒక వరుసే ఉంది. ఏ దేశంలో ఏ ఏడాది కంచర గాడిదల పేడ నుంచి ఎన్ని కిలోల నత్రజని పొలాలకు చేరిందో 1961 నుంచి లెక్క కడుతున్నారు.

అసలు ఈ లెక్క ఎలా వస్తుంది? ఎవరూ తట్ట పట్టుకుని పేడ తూకం వేయరు. ముందు దేశంలో ఎన్ని జంతువులున్నాయో చూస్తారు. ఒక్కో జంతువు ఏడాదికి ఎంత నత్రజని విసర్జిస్తుందో ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో ఒక ప్రామాణిక అంకె ఉంది. ఆ రెండింటినీ గుణించి, బయట మేతకు తిరిగేటప్పుడు పడిపోయేది, నిల్వలో ఆవిరైపోయేది తీసేస్తారు. మిగిలిందే 'నేలకు వేసిన ఎరువు'. అంటే ఈ గ్రాఫ్‌లో లైన్ కిందికి దిగిందంటే రైతులు ఎరువు వేయడం మానేశారని కాదు.. జంతువులు తగ్గాయని అర్థం.

తగ్గడం కూడా మామూలుగా లేదు. 2012 పశుగణనలో దేశంలో 1.96 లక్షల కంచర గాడిదలుంటే, 2019 నాటి 20వ పశుగణనలో తేలింది 84 వేలే. ఏడేళ్లలో 57 శాతం పోయాయి. గాడిదలు 61 శాతం, గుర్రాలు, పోనీలు కలిపి 45 శాతం తగ్గాయి. అలాగని ఇది మొదట్నుంచీ దిగుతూ వచ్చిన గీత కాదు. 2003లో 1.76 లక్షలు, 2007లో 1.37 లక్షలు, మళ్లీ 2012కి దాదాపు 2 లక్షలు. ఇటుక బట్టీలు, కొండదారుల్లో రవాణా, ఆర్మీ అవసరాలు.. పని ఉన్నంత కాలమే ఈ జంతువును పెంచుతారు. రోడ్డు పడితే, ట్రాలీ ఆటో వస్తే దాని పని అయిపోయినట్టే. పైగా దానికదే పెరిగే మంద కాదిది. మగ గాడిదకు, ఆడ గుర్రానికి పుట్టేది కంచర గాడిద. మగ గుర్రానికి, ఆడ గాడిదకు పుడితే హిన్నీ అంటారు. రెండింటికీ ఉండేది 63 క్రోమోజోములు, అందుకే దాదాపు అన్నీ గొడ్డువే. గుర్రాలు, గాడిదలు తగ్గితే వీటి పుట్టుకే ఆగిపోతుంది. ఎఫ్‌ఏఓ ఈ రెండింటినీ ఒకే వరుసలో కలిపి చూపిస్తుంది. మన పశుగణనలో హిన్నీకి వేరే గడే లేదు.

ఇప్పుడు ఎరువు సంగతి. ఐపీసీసీ లెక్కలో ఆసియా దేశాల కంచర గాడిద సగటు బరువు 130 కిలోలు, ఏడాదికి అది వదిలే నత్రజని సుమారు 22 కిలోలు. మన దగ్గర దొరికే 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని దాదాపు 21 కిలోలు. అంటే ఏడాదంతా మేపిన జంతువు ఇచ్చేది ఒక బస్తా యూరియా అంత! దేశంలో ఉన్న 84 వేలూ కలిపినా 1,800 టన్నుల చిల్లర నత్రజని, యూరియాలో చెప్పాలంటే 4 వేల టన్నులు. దేశం ఏటా వాడే యూరియా 350 లక్షల టన్నులకు పైనే. ఆ 4 వేల టన్నులు కూడా కాగితం మీద గరిష్ఠ లెక్కే.

ఎందుకంటే ఆ పేడ పడే చోట పొలం ఉండాలి కదా. ఉత్తరాదిలో ఇటుక బట్టీల దగ్గర, కేదార్‌నాథ్ కాలిబాట మీద పడే లద్దె ఎవరి చేనుకూ చేరదు. కేదార్‌నాథ్ దారిలో అది మందాకిని నదిలోకి కొట్టుకుపోతోందన్న వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఎరువు కావాల్సింది అక్కడ చెత్త సమస్య అయింది. మన వైపు పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని గూడేలకు సరుకులు మోసే గుర్రాలున్నాయి కానీ, కోస్తా మైదానంలో కంచర గాడిద కనిపించడం అరుదు. గాడిదలు కూడా రజకుల ఇళ్ల దగ్గర మాయమవుతూ వచ్చాయి. 2012, 2019 మధ్య ఏపీలో వాటి సంఖ్య సగానికి పైగా పడిపోయింది.

మరి ఉప్మాక లాంటి ఊరికి పనికొచ్చే లెక్క ఏది? అదే ఐపీసీసీ సూత్రంతో చూస్తే ఒక గేదె ఏడాదికి ఇచ్చే నత్రజని సుమారు 34 కిలోలు, మేక 15, గొర్రె 12. రెండు గొర్రెలు కలిస్తే కంచర గాడిదను దాటేస్తాయి. 2019 లెక్కల్లో ఏపీలో గొర్రెలు 1.76 కోట్లు. అంతకు ముందు గణనతో పోలిస్తే 30 శాతం పెరిగాయి. వీటి నత్రజని లెక్క 2 లక్షల టన్నులు దాటుతుంది. దేశంలోని కంచర గాడిదలన్నీ ఇచ్చేదానికి ఇది వంద రెట్ల పైమాటే. కాకపోతే పగలు బంజర్లలో, రోడ్డు పక్కన పడేది పోయినట్టే. రాత్రి చేనులో మంద కడితేనే పెంటికలు, మూత్రం రెండూ నేరుగా మట్టిలోకి దిగుతాయి. ఎత్తడం, మోయడం అనే ఖర్చు ఉండదు. మంద తీసిన వెంటనే పైపైన దున్నేయాలి. ఎండకు వదిలేస్తే మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది.

చెరకు రైతుకు ఇది ఇంకా ముఖ్యం. చెరకుకు ఆఖరి దుక్కిలో ఎకరాకు 10 టన్నుల పశువుల ఎరువు వేయాలన్నది వ్యవసాయ శాఖ సిఫార్సు. ఎడ్ల స్థానంలో ట్రాక్టర్ వచ్చాక ఇంటి గత్తంతో ఆ 10 టన్నులు తూగించడం చిన్న రైతుకు కష్టం. కొనాలంటే ఎరువు ధరతో పాటు బండి కిరాయీ భరించాలి.

గుర్రం, గాడిద లద్దె ఎవరికైనా దొరికితే వాడకూడదా? వాడొచ్చు, పచ్చిది మాత్రం వద్దు. ఈ జంతువులు నెమరు వేయవు. అందుకే కలుపు గింజలు చాలా వరకు చావకుండా పేడలో బయటికొస్తాయి. పీచు ఎక్కువ, కుప్ప వేస్తే త్వరగా వేడెక్కుతుంది. బటన్ పుట్టగొడుగుల పెంపకంలో దీన్ని వాడేది ఈ గుణం వల్లే. కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిచేలా తడిపి, తిరగేస్తూ మాగబెడితే కలుపు గింజలు చాలా వరకు చస్తాయి.

ఇంకో జాగ్రత్త ధనుర్వాతం గురించి. ఆ వ్యాధిని తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు మట్టిలోనూ, ముఖ్యంగా గుర్రం జాతి జంతువుల పేడలోనూ ఉంటాయి. కాళ్లకు చెప్పుల్లేకుండా గత్తం తొక్కే వాళ్లు, చేతికి గాయం ఉన్నవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. గాయమైతే పీహెచ్‌సీకి వెళ్లి టీడీ ఇంజెక్షన్ వేయించుకోవాలి.

21వ పశుగణన 2024 అక్టోబర్ 25న మొదలైంది. కంచర గాడిద, గాడిద, గొర్రె అన్నీ మళ్లీ ఇంటింటికీ వెళ్లి లెక్కపెట్టే గణన ఇది. మన దేశానికి సంబంధించి ఎఫ్‌ఏఓ గ్రాఫ్‌లో ఎరువు గీత ఇక ఎటు తిరుగుతుందన్నది ఆ అంకెల మీదే ఆధారపడి ఉంటుంది.